మూడో ఏటి అద్దె

న్యూయార్క్‌లో ఉద్యోగం దొరికిన తెలుగు పిల్లలు చాలామంది ఇల్లు వెతుక్కునేది హడ్సన్ నదికి ఇవతలి ఒడ్డున, న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో. జర్నల్ స్క్వేర్‌లో పాత్ (PATH) రైలెక్కితే పావుగంటలో మన్‌హటన్ కొసన దిగొచ్చు. న్యూవార్క్ ఎవెన్యూలో మన పప్పూ బియ్యం అన్నీ దొరుకుతాయి. అద్దె నది అవతలికంటే ఎంతో కొంత తక్కువ. ఆ తక్కువ ఎలా వచ్చిందో ముందు గుర్తు చేసుకోవాలి. జెర్సీ సిటీ ఒకప్పుడు ఫ్యాక్టరీల ఊరు, రైలు యార్డుల ఊరు. కోల్గేట్ సబ్బులు, డిక్సన్ పెన్సిళ్లు అక్కడే తయారయ్యేవి. పెద్ద పెద్ద రైలు కంపెనీల పట్టాలు ఆ నది ఒడ్డున ఆగేవి, అక్కణ్ణించి మనుషులూ సరుకూ పడవల మీద న్యూయార్క్ చేరేవి. 1930లో 3 లక్షల 16 వేల జనాభా ఉన్న ఆ ఊరు, ఫ్యాక్టరీలు మూతపడి, రైలు కంపెనీలు దివాలా తీసి, 1980 నాటికి 2 లక్షల 23 వేలకు పడిపోయింది. మనుషులు వెళ్లిపోయాక అద్దెలూ పడిపోయాయి. ఆ చవక అద్దెల్లోకి గుజరాతీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఈజిప్టు వాళ్లు, తర్వాత మనవాళ్లు వచ్చి చేరారు. 2020 లెక్కల్లో జనాభా మళ్లీ 2,92,449. ఊళ్లో పది కుటుంబాలుంటే ఏడు అద్దెకుండేవే. డౌన్‌టౌన్‌లో ఒక పడకగది ఫ్లాటు అద్దె నెలకు 3,000 డాలర్లు దాటడం ఇవాళ మామూలు సంగతి.

కింద మాట్లాడే ఇద్దరూ కల్పితులు. మామయ్య ఆ ఊరి హైట్స్ పేటలో రెండు వాటాల ఇల్లు కొనుక్కుని, పై వాటాలో తానుంటూ కింది వాటా అద్దెకిచ్చిన మనిషి. మేనకోడలు నగర ప్రణాళిక చదివి, అద్దెదారుల హక్కుల కోసం పనిచేస్తోంది. మనుషులు కల్పితులే గానీ, వాదనలు ఆ ఊళ్లో నిజంగా నడుస్తున్నవి. నేను ఎటువైపో ముందే చెప్పేస్తాను. నేను మేనకోడలి వైపు. కానీ మామయ్య మాటల్లో కొన్నింటిని పక్కకు నెట్టడం కుదరదు. వాటికి జవాబు చెప్పాకే ఆమె వాదన నిలబడుతుంది.

మామయ్య: చూడమ్మా, అద్దెలు పెరిగాయని అందరూ ఏడుస్తారు, ఎందుకు పెరిగాయో ఎవరూ చూడరు. ఊరు ఖాళీగా ఉన్నన్నాళ్లూ చవక. జనం తిరిగొచ్చారు, ప్రియమైంది. దీనికి మందు ఒక్కటే, ఇళ్లు కట్టడం. 1986లో ఈరీ రైల్వే వాళ్ల పాత యార్డు మీద న్యూపోర్ట్ మొదలుపెట్టారు. పాడుబడిన పట్టాల మీద ఒక కొత్త పట్నమే లేచింది. జర్నల్ స్క్వేర్‌లో మూడు పెద్ద టవర్లు వచ్చాయి. 2010 నుంచి 2020 లోపల ఈ ఊరి జనాభా దాదాపు 45 వేలు పెరిగింది. ఆ ఇళ్లే కట్టకపోతే ఈ 45 వేల మందీ ఎక్కడికి పోయేవారు? నా కింది వాటా కోసమూ, నా పొరుగువాడి వాటా కోసమూ పోటీ పడేవారు. పేదల పేటల్లో పెద్ద అపార్ట్‌మెంట్లు లేస్తే చుట్టుపక్కల అద్దెలు ఏమవుతాయో ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. లేకపోతే ఉండేదానికంటే 5 నుంచి 7 శాతం తగ్గాయని తేలింది. టవర్ కనబడగానే ‘ఇదిగో అద్దెలు పెంచేవాడు వచ్చాడు’ అనుకుంటారు గానీ, అద్దె ముందు పెరిగింది, టవర్ తర్వాత వచ్చింది.

మేనకోడలు: కట్టాలన్న దాంట్లో మీకూ నాకూ తగాదా లేదు మామయ్యా. కట్టకుండా అద్దెలు తగ్గించిన ఊరు నాకు తెలిసి ఎక్కడా లేదు. మీరు చెప్పిన లెక్కనూ ఒప్పుకుంటున్నాను, ఒక్క సంగతి పట్టించుకోమని మాత్రం అడుగుతున్నాను. అది ‘లేకపోతే ఉండేదానికంటే’ తగ్గడం. నిన్న కట్టినదానికంటే ఇవాళ తక్కువ కట్టడం వేరు, పెరగాల్సినంత పెరగకపోవడం వేరు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే మనిషి జీతం ఏడాదికి 3 శాతం పెరిగి, అద్దె 10 శాతానికి బదులు 5 శాతం పెరిగితే, ఆ మనిషి ఊరు వదలడం ఆలస్యమవుతుంది, ఆగదు. అసలు ‘అందుబాటులో ఉన్న అద్దె’ అంటే ఏమిటన్న చోటే మనం విడిపోతున్నాం. మీరు ఖాళీ ఫ్లాటు ముందు నిలబడి, ఇవాళ ఇది ఎంత అని చూస్తున్నారు. నేను ఆ ఫ్లాటులో మూడో ఏడు కూడా ఉండగలనా అని చూస్తున్నాను. మనుషులు బతికేది ఆ రెండో లెక్క మీద.

కొత్త భవనాల ప్రకటనలు చూడండి, ‘ఒక నెల ఉచితం’ అని ఉంటుంది. ఉదాహరణకి లీజులో రాసిన అద్దె 3,000 డాలర్లు అనుకుందాం. పన్నెండు నెలల్లో ఒకటి ఉచితం అంటే కట్టేది 33,000, నెలకు సగటున 2,750. ప్రకటనలో పెద్దక్షరాల్లో కనిపించేది ఈ 2,750. మొదటి ఉద్యోగంతో వచ్చిన పిల్ల ఆ అంకె చూసి బడ్జెట్ వేసుకుంటుంది. ఏడాది అవుతుండగా కొనసాగింపు కాగితం వస్తుంది. అందులో పెంపు 4 శాతమే. కానీ అది 3,000 మీద 4 శాతం, అంటే 3,120. ఆ పిల్ల నిరుడు కట్టిన సగటుతో పోలిస్తే పెరిగింది 13 శాతం పైనే. ఎవరూ అబద్ధం చెప్పలేదు, చట్టమూ తప్పలేదు. కానీ ఆమెకు మొదటి రోజున తెలియాల్సిన అంకె తెలియలేదు. పైగా ఇక్కడి భవనాల్లో చాలావాటికి ఏడాది జీతం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలన్న నియమం ఉంది. 3,000 అద్దెకు 1,20,000 జీతం. అంత రానివాళ్లు నలుగురు కలిసి రెండు గదుల్లో సర్దుకుంటారు, లేదా గ్యారంటీ ఇచ్చేవాణ్ణి వెతుక్కుంటారు. ఇన్ని తంటాలు పడి లోపలికి వచ్చిన మనిషి రెండేళ్లకే మళ్లీ పెట్టె సర్దుకోవాలంటే, ఆ ఇంటిని అందుబాటులో ఉన్న ఇల్లు అని ఎలా అంటాం?

మామయ్య: అంటే చివరికి అద్దె నియంత్రణ దగ్గరికే తీసుకొస్తున్నావు. దాని సంగతి కూడా చదివాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1994లో నియంత్రణను విస్తరిస్తే ఏమైందో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చూశారు. లోపలున్నవాళ్లు కదలకుండా ఉన్నారు, నిజమే. కానీ యజమానులు అద్దె ఇళ్లను 15 శాతం తగ్గించేశారు, కాండోలుగా, అంటే విడివిడిగా అమ్ముకునే సొంత ఫ్లాట్లుగా, మార్చి అమ్మేశారు. ఊరంతటా అద్దెలు 5 శాతం పెరిగాయి. మిన్నెసోటాలో సెయింట్ పాల్ సంగతి ఇంకా తాజాది. 2021లో జనం ఓట్లేసి, కొత్త పాత తేడా లేకుండా ఏడాదికి 3 శాతం మించి పెంచకూడదన్నారు. కట్టేవాళ్లు అనుమతుల దరఖాస్తులు ఆపేశారు. మరుసటి ఏడే నగరం తన నియమాన్ని తానే సడలించుకోవాల్సి వచ్చింది. ఒకరిని కాపాడబోయి పదిమందికి తలుపేయడం న్యాయమా?

మేనకోడలు: ఆ రెండూ నిజమే, ఆ రెండింటినీ నా వైపు సాక్ష్యంగానే చూపిస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కో 1994లో కొత్తగా నియంత్రణ కిందికి తెచ్చింది నాలుగు వాటాలు, అంతకంటే చిన్న ఇళ్లను. కాండోగా మార్చి అమ్మడం తేలికైనవి ఆ చిన్న ఇళ్లే. జెర్సీ సిటీ నియమం దానికి సరిగ్గా తలకిందులు. నాలుగు, అంతకు తక్కువ వాటాలున్న ఇళ్లకు అది వర్తించనే వర్తించదు. ఐదూ అంతకు మించిన వాటాలున్న పాత భవనాల్లో ఏడాదికి 4 శాతం, లేదా ధరల సూచీ పెరిగినంత, ఏది తక్కువైతే అది పెంచొచ్చు. భవనానికి పెద్ద మరమ్మతు చేయిస్తే ఆ ఖర్చు రాబట్టుకోవడానికి విడిగా దారి ఉంది. కాండోగా మార్చాలంటే పాత అద్దెదారుకు మూడేళ్ల నోటీసు ఇవ్వాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది. ఇక సెయింట్ పాల్ తప్పు కొత్త కట్టడాలకు కూడా పరిమితి పెట్టడం. న్యూజెర్సీ ఆ తప్పు చేయకుండా 1987లోనే చట్టం చేసుకుంది. కొత్తగా కట్టిన భవనానికి 30 ఏళ్ల దాకా మినహాయింపు. మీరు ఇందాక గర్వంగా చెప్పిన ఆ 45 వేల మంది ఈ నియంత్రణ అమల్లో ఉన్న ఊళ్లోకే వచ్చి చేరారు. కట్టేవాళ్లు భయపడి పారిపోయినట్టు నాకైతే కనబడలేదు.

ఇంకో సంగతి. ఆ 30 ఏళ్ల మినహాయింపు దానంతట అదే రాదు. భవనంలో జనాన్ని పెట్టే ముందే, మాకు మినహాయింపు కావాలని యజమాని నగరానికి రాతపూర్వకంగా చెప్పాలి. ఈ భవనానికి నియంత్రణ లేదని అద్దెకు వచ్చే మనిషికి కూడా లీజుకు ముందే కాగితం మీద చెప్పాలి. నది ఒడ్డున ఒక పెద్ద సముదాయంలో అద్దెదారులు ఈ దస్తావేజుల సంగతి తామే తవ్వి తీసి ఏళ్ల తరబడి పోరాడారు. ఎంతమంది మనవాళ్లు లీజు మీద సంతకం పెట్టేటప్పుడు, ఈ భవనానికి మినహాయింపు ఉందా, ఎప్పటిదాకా ఉంది అని అడుగుతారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చట్టం ఉండి, అడిగేవాడు లేకపోతే, ఆ మూడో ఏటి అద్దె లీజు రాసినవాడి ఇష్టం. ఇప్పుడు ఆ ఇష్టం కూడా మనిషిది కాకుండా పోతోంది. పోటీ యజమానుల లోపలి లెక్కలు కలిపి అద్దె ఎంత పెట్టాలో చెప్పే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన రియల్‌పేజ్ మీద అమెరికా న్యాయశాఖ 2024లో కేసు వేసింది. 2025లో న్యూజెర్సీ రాష్ట్రమూ వేసింది. అదే ఏడాది జెర్సీ సిటీ అలాంటి సాఫ్ట్‌వేర్‌తో అద్దె నిర్ణయించడాన్ని నిషేధించింది. మీరు చెప్పే బజారు సూత్రం పనిచేయాలంటే అమ్మేవాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడాలి కదా?

ఇక్కడ మామయ్య కొంత వెనక్కి తగ్గాడని నేను రాయొచ్చు. కానీ ఆయన దగ్గర ఇంతకంటే గట్టి ప్రశ్న ఉంది, అది మిగిలినవాటికంటే నాకు ముఖ్యమనిపిస్తుంది. లోపలున్నవాడికి రక్షణ ఇస్తే, ఆ బరువు బయట నిలబడ్డవాడి మీద పడదా? వలస వచ్చేవాళ్ల ఊళ్లో ఈ ప్రశ్నకు రెట్టింపు బరువుంది.

మామయ్య: నీ చట్టాలన్నీ లోపలున్నవాళ్లవి. రేపు హైదరాబాద్ నుంచో, గుంటూరు నుంచో ఒక పిల్లాడు రెండు సూట్‌కేసులతో దిగుతాడు. వాడికి క్రెడిట్ హిస్టరీ ఉండదు, తెలిసినవాళ్లుండరు. పాత అద్దెకు అలవాటు పడిన మనిషి పిల్లలు వెళ్లిపోయాక కూడా మూడు గదుల ఫ్లాటు వదలడు. ఈ పిల్లాడికి మిగిలేది అందరికంటే ఖరీదైన కొత్త ఫ్లాటు, లేకపోతే ఎవరి బేస్‌మెంట్‌లోనో ఒక మూల. అదీగాక, హెచ్-1బీ వీసా మీద వచ్చినవాడికి మూడో ఏడు ఎక్కడ? ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, దొరక్కపోతే సర్దుకోవాలి. వాడికి కావలసింది తేలిగ్గా దొరికే ఇల్లు, తేలిగ్గా వదలగలిగే ఇల్లు. నీ నిలకడ వాడికేం పని?

మేనకోడలు: వాడు ఎంతకాలం బయటివాడు మామయ్యా? లీజు మీద సంతకం పెట్టిన మర్నాటి నుంచీ వాడు లోపలివాడే. కొత్తగా వచ్చేవాళ్లు ఒక జాతి, ఉంటున్నవాళ్లు ఇంకో జాతి అయితే మీ వాదన నిలుస్తుంది. ఇక్కడ అదే మనిషి ఈ ఏడు బయట, వచ్చే ఏడు లోపల. 1980లలో జర్నల్ స్క్వేర్ దగ్గర చవక అద్దెలకు వచ్చిన భారతీయుల్ని తలుచుకోండి. 1987లో భారతీయుల్ని ఊళ్లోంచి తరిమేస్తామని, బొట్టును ఎగతాళి చేసే ‘డాట్‌బస్టర్స్’ పేరుతో ఒక ముఠా ఊరి పత్రికకే ఉత్తరం రాసింది. మనుషులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోయాయి. అయినా వాళ్లు కదల్లేదు. దుకాణాలు తెరిచారు, న్యూవార్క్ ఎవెన్యూని ఇవాళ్టి ఇండియా స్క్వేర్ చేశారు. ఇప్పుడు టవర్ల ప్రకటనల్లో ఆ వీధి తిండి, ఆ వీధి సందడి ఆకర్షణగా కనిపిస్తాయి. ఆ విలువ సృష్టించింది అద్దెకుండి కదలకుండా నిలబడ్డ మనుషులు. నిలబడే వీలే లేకపోయి ఉంటే ఆ వీధి పుట్టేదే కాదు, మీరు చెప్పిన సూట్‌కేసుల పిల్లాడికి దిగగానే భోజనం దొరికే చోటూ ఉండేది కాదు.

ఆ పిల్లాడు ఇంటి దగ్గర్నుంచి మోసుకొచ్చే ఒక నమ్మకం గురించి కూడా చెప్పాలి. మన దగ్గర అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకు రాస్తాం. రిజిస్ట్రేషన్ చేయించే పని ఉండదన్న లెక్కతో అది అలవాటైపోయింది. గడువైపోతే ఖాళీ చేయాలన్నది మనకు నీతి లాంటిది. అదే మనసుతో ఇక్కడికొచ్చి, లీజు అయిపోయిందని ల్యాండ్‌లార్డ్ ఒక మెయిల్ పెట్టగానే పెట్టెలు సర్దేస్తారు. న్యూజెర్సీలో 1974 నుంచీ ఉన్న చట్టం ప్రకారం, లీజు గడువు తీరడం ఒక్కటే ఖాళీ చేయించడానికి కారణం కాదు. అద్దె కట్టకపోవడం, ఇల్లు పాడుచేయడం లాంటి చట్టంలో రాసిన కారణాల్లో ఒకటి ఉండాలి, అది కోర్టులో రుజువు కావాలి. అద్దె నియంత్రణ లేని ఊళ్లో సైతం పెంపు మరీ అన్యాయంగా ఉంటే అద్దెదారు కోర్టులో నిలదీయొచ్చు, అది న్యాయమైనదేనని చూపించాల్సింది యజమానే. ముందుగా తీసుకునే డిపాజిట్ నెలన్నర అద్దె మించకూడదు, అది వడ్డీ వచ్చే ఖాతాలో ఉండాలి, ఇల్లు వదిలిన 30 రోజుల్లో లెక్క చెప్పి తిరిగివ్వాలి. ఉద్యోగం పోయి అరవై రోజుల గండంలో ఉన్న కుర్రాడికి ఆ డిపాజిట్ చేతికి రావడం చిన్న విషయం కాదు. వదిలి వెళ్లే స్వేచ్ఛ ఎప్పుడూ అద్దెదారుకు ఉండాలి. నేను వాదించేది వెళ్లగొట్టబడకుండా ఉండే స్వేచ్ఛ గురించి. ఒకటి ఇస్తే ఇంకొకటి పోదు.

మామయ్య: సరే, ఉండలేనివాడు ఇంకో స్టేషన్ అవతలికి పోతాడు. అదే పాత్ రైలు. జర్నల్ స్క్వేర్ తర్వాత హ్యారిసన్, ఆ తర్వాత న్యూవార్క్. అవీ పాత ఫ్యాక్టరీ ఊళ్లే, అక్కడ ఇంకా తక్కువ. ఊళ్లు ఎప్పుడూ అలాగే పెరిగాయి, ఒకచోట నిండితే పక్కకు పొంగుతాయి.

మేనకోడలు: నీళ్లు పొంగితే పొంగుతాయి మామయ్యా, మనుషులకు బడులుంటాయి, డాక్టర్లుంటారు, పని వేళలుంటాయి. సరే, న్యూవార్క్ సంగతే చూద్దాం. అది కూడా జనాభాలో లక్షకు పైగా పోగొట్టుకున్న ఊరు. అక్కడ 2017 నుంచి 2020 వరకు అమ్ముడైన చిన్న ఇళ్లలో దాదాపు సగం పెట్టుబడి సంస్థల చేతికి వెళ్లాయని రట్గర్స్ లా స్కూల్ పరిశోధకులు 2022లో నివేదిక ఇచ్చారు. అవి మీ ఇంటి లాంటి ఇళ్లు, ఒకటి నుంచి నాలుగు వాటాలవి. యజమాని పై వాటాలో ఉండే ఇల్లు కంపెనీ ఇల్లయిపోతే అద్దె నిర్ణయించే పద్ధతే మారిపోతుంది. కాబట్టి తర్వాతి స్టేషన్‌లో చవక మన కోసం కాచుకుని కూర్చోలేదు, మనకంటే ముందు డబ్బు అక్కడ దిగింది. ఆ ఊరు 2017లోనే పెద్ద కొత్త భవనాల్లో 20 శాతం ఫ్లాట్లు తక్కువ ఆదాయం వాళ్లకు ఉంచాలని నియమం పెట్టుకుంది. ఈ మధ్య ఊళ్లో తాగునీటి సీసం పైపులు దాదాపు అన్నీ, వేల సంఖ్యలో, మూడేళ్లలోపే మార్చేసింది. చేతకాని ఊరు కాదు అది, చాలినంత రక్షణ లేని ఊరు.

అసలు బరువంతా ఈ పాత ఫ్యాక్టరీ ఊళ్ల మీదే ఎందుకు పడింది? 1975లో, మళ్లీ 1983లో, మౌంట్ లారెల్ కేసుల్లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. రాష్ట్రంలో ప్రతి ఊరూ తన వంతుగా తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్లకు ఇళ్లు కట్టనివ్వాలంది. 1985లో చట్టం వచ్చింది, దాంతోపాటు ఒక దొడ్డిదారీ వచ్చింది. కలిగిన ఊరు తన వంతులో సగం వరకు డబ్బిచ్చి పేద నగరాల మీదికి బదిలీ చేయొచ్చు. పచ్చగడ్డి లాన్ల ఊళ్లు చెక్కు రాశాయి, అవసరంలో ఉన్న నగరాలు తీసుకున్నాయి. 2008లో ఆ దారి మూశారు గానీ, అప్పటికి రెండు దశాబ్దాలు గడిచిపోయాయి. 2024లో కొత్త చట్టంతో లెక్కలు మళ్లీ వేశారు. 2025 నుంచి పదేళ్లకు ఏ ఊరి వంతు ఎంతో తేల్చారు. కొన్ని ఊళ్లు కట్టనంటూ కోర్టుకెక్కాయి. ఇక్కడ మనవాళ్ల గురించి నిజం ఒకటి చెప్పుకోవాలి. జెర్సీ సిటీలో అద్దెకుంటూ అద్దెలు మండిపోతున్నాయని అన్న నోరే, ఐదేళ్లకు సబర్బ్‌లో ఇల్లు కొనుక్కున్నాక, మా ఊళ్లో అపార్ట్‌మెంట్లు వద్దు, బడులు నిండిపోతాయి అని ప్లానింగ్ బోర్డు మీటింగులో లేచి మాట్లాడుతుంది. అక్కడ తలుపేస్తే ఇక్కడ అద్దె పెరుగుతుంది. ఇళ్లు కట్టమని మీరు నాకు చెప్పిన పాఠం ముందు ఆ ఊళ్లకు చెప్పాలి.

ఫ్యాక్టరీలు వదిలి వెళ్లినవి ఖాళీ స్థలాలు మాత్రమే కాదని ఇక్కడ నేను ఒక అడ్డుమాట వేయాలి. జెర్సీ సిటీ ఒకప్పుడు క్రోమియం శుద్ధి చేసే కేంద్రం. ఆ వ్యర్థాన్ని ఊరంతా పల్లాలు పూడ్చడానికి వాడారు. అది ప్రాణాంతకమని తర్వాత తేలింది. హ్యాకెన్సాక్ నది ఒడ్డున అలాంటి నేలను ఏళ్ల తరబడి శుభ్రం చేయించాక, 2018లో నగరమే కొనుక్కుని బేఫ్రంట్ అన్న పేరుతో వేల ఇళ్లకు ప్రణాళిక వేసింది. అందులో 35 శాతం అందుబాటు అద్దెలకు ఉంచుతామంది. అంత వాటా ఎలా సాధ్యమైంది? నేల నగరానిది కాబట్టి. ప్రైవేటు స్థలాల్లో అందుబాటు ఫ్లాట్ల కోసం నగరం 2020లో చేసిన నియమాన్నేమో కోర్టు కొట్టేసింది, మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. కట్టడం ఎంత ముఖ్యమో, ఎవరి నేల మీద, ఏ షరతుతో కడుతున్నామన్నదీ అంతే ముఖ్యమన్న మేనకోడలి మాటకు నాకు కనిపించే బలమైన సాక్ష్యం ఇది. మామయ్య దీన్ని కాదనడు. ఆయన బాధ ఇంకోచోట ఉంది.

మామయ్య: నువ్వు చెప్పేవన్నీ పెద్దపెద్ద కంపెనీల గురించి. నా సంగతి ఎవడూ అడగడు. 2018లో ముప్పై ఏళ్ల తర్వాత ఊళ్లో ఆస్తుల విలువ మళ్లీ కట్టారు. ఆ తర్వాత బడి పన్ను పెరిగింది. బాయిలర్ పాడైతే, చలికాలంలో పగటిపూట ఇల్లు 68 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాల్సిందేనని చట్టం చెబుతుంది, దాన్ని బాగుచేసేది నేను. ఇన్సూరెన్స్ నాది, రూఫ్ నాది, గుమ్మం ముందు మంచు తీయాల్సిందీ నేనే. కింది వాటా అద్దె పెంచకపోతే బ్యాంకు వాయిదా ఎలా కట్టను? అద్దెదారు మూడో ఏడు గురించి మాట్లాడుతున్నావు, నా మూడో ఏడు మాటేమిటి?

మేనకోడలు: ఆ ప్రశ్న న్యాయమైనది. అందుకే చట్టం మిమ్మల్ని ఎప్పుడో పక్కన పెట్టింది మామయ్యా. మీది రెండు వాటాల ఇల్లు, నగర అద్దె నియంత్రణ మీకు లేదు. మీరు అదే ఇంట్లో ఉంటూ అద్దెకిచ్చే వాటాలు రెండుకు మించలేదు కాబట్టి 1974 చట్టమూ మీకు వర్తించదు. డిపాజిట్ చట్టం కూడా అద్దెదారు రాతపూర్వకంగా నోటీసిస్తేనే మీ ఇంటికి వస్తుంది. నేను ఇందాకటి నుంచీ వాదిస్తున్న రక్షణల్లో ఒక్కటీ మీ చేతులు కట్టేయలేదు. అయినా మీటింగుల్లో పెద్ద యజమానుల లాయర్లు మాట్లాడేటప్పుడు చూపించేది మీలాంటివాళ్లనే. మీ పన్ను ఎందుకు పెరిగిందో కూడా చూడండి. టవర్లు కట్టేవాళ్లకు నగరం దీర్ఘకాలపు పన్ను ఒప్పందాలిచ్చింది. మామూలు ఆస్తి పన్ను బదులు వాళ్లొక రుసుము కడతారు. రాష్ట్ర చట్టం ప్రకారం అందులో 95 శాతం నగరానికి, 5 శాతం కౌంటీకి. బడులకు చట్టబద్ధమైన వాటా లేదు. 2018 నుంచి రాష్ట్రం ఈ ఊరి బడులకిచ్చే సాయం కోస్తూ వచ్చింది. ఆ లోటు మామూలు పన్ను కట్టేవాళ్ల మీద పడింది, అంటే మీ మీద. మీ కింది వాటాలో ఉన్న మనిషి మీ బాధకు కారణం కాదు, ఆ బాధలో మీతో పాటు ఉన్నవాడు. మీరిద్దరూ కలిసి నగర కౌన్సిల్‌లో ఆ ఒప్పందాల గురించి అడగాల్సింది పోయి, ఒకరి మీద ఒకరు అనుమానంతో ఉంటున్నారు.

మామయ్య: ఆ పన్ను ఒప్పందాలు లేకపోతే, ఎనభైలలో ఆ పాడు యార్డుల్లో ఎవడు డబ్బు పెట్టేవాడు?

మేనకోడలు: అప్పుడు ఎవరూ పెట్టేవారు కాదు, ఒప్పుకుంటాను. అవసరం తీరాక కూడా అవి చాలాకాలం సాగాయన్నదే నా ఫిర్యాదు. ఊరు లేవడానికి ఇచ్చిన చేయూత, లేచాక తీసేయాలి. ఆ డబ్బు బడులకు వస్తే మీ పన్ను నెమ్మదిస్తుంది, మీ పన్ను నెమ్మదిస్తే మీరు అద్దె నెమ్మదిగా పెంచగలరు. అద్దె నిలకడ అంటే ఇదంతా కలిపి.

మామయ్య: అంతవరకూ నేనేం చెయ్యాలి మరి?

మేనకోడలు: చట్టం మిమ్మల్ని ఏమీ అడగడం లేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. కింది వాటాకు ఈసారి మూడేళ్ల లీజు రాయండి. రెండో ఏడు ఎంత, మూడో ఏడు ఎంత అన్నది అందులోనే రాసేయండి.

మామయ్య: మధ్యలో పన్ను ఒక్కసారిగా పెరిగితే?

మేనకోడలు: పెరిగినదాంట్లో సగం అద్దెదారు భరిస్తాడని, దానికి మీరు పన్ను బిల్లు చూపిస్తారని ఒక షరతు పెట్టుకోండి. అదీ ముందే రాయండి.

మామయ్య: సగమైతే సరే. సెక్యూరిటీ డిపాజిట్ మాత్రం నెలన్నర తీసుకుంటాను.

మేనకోడలు: తీసుకోండి. వడ్డీ వచ్చే ఖాతాలో వేయండి, ఏ బ్యాంకులో వేశారో అతనికి కాగితం ఇవ్వండి.